షష్టిపూర్తికి బైనాక్యులర్స్ కొంటున్నారా? ముందు బాబాయిగారి కళ్ళజోడు చీటీ సంపాదించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మీ బాబాయిగారికి వచ్చే నెల షష్టిపూర్తి. ఆదివారం వస్తే ఆయన ఇంట్లో ఉండరు. ఉప్పలపాడు చెరువుకో, కొండవీడుకో, చలికాలమైతే కొల్లేరుకో పోతారు. అందరూ వెండి గ్లాసులూ శాలువాలూ ఇస్తారు కాబట్టి మీరు ఆయన వాడుకునే వస్తువు ఇవ్వాలనుకున్నారు. చిన్న సంచిలో పట్టే బైనాక్యులర్స్, పది వేల దాకా బడ్జెట్. 8×25 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు లెన్సు 25 మి.మీ.) కొనాలా, 10×25 కొనాలా? మధ్యలో విజయవాడలో ఒక షాపాయన అంతకంటే తక్కువకే 20×50 ఇస్తానంటున్నాడు, అది తీసుకుంటే తప్పేంటి?

సూటిగా చెప్తాను. 8×25 తీసుకోండి. ఐ రిలీఫ్, అంటే లెన్సుకూ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం, 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాటర్‌ప్రూఫ్ అయి ఉండాలి. అర కిలో బరువు మెడలో వేసుకోవడం ఆయనకు ఇబ్బంది లేదనుకుంటే 8×30 గానీ 8×32 గానీ ఇంకా మంచిది. 10×25 వద్దు. 20×50 అసలే వద్దు.

విజయవాడ గవర్నర్‌పేటలో చాలా ఏళ్ళు కెమెరాలు, బైనాక్యులర్స్ రిపేరు చేసినవాణ్ణి. ఇప్పటికీ పక్షులు చూసేవాళ్ళతో కలిసి తిరుగుతుంటాను. నా దగ్గరికి "పాడైపోయింది" అని వచ్చిన గిఫ్టు బైనాక్యులర్స్‌లో సగానికి సగం అసలు పాడైనవి కావు. "రెండు గుండ్రాలు కనపడుతున్నాయి", "మధ్యలో చిన్న కంత మాత్రమే కనపడుతోంది", "నల్లగా మూసుకుపోతోంది" అనేవాళ్ళు. చూస్తే వస్తువు శుభ్రంగా ఉండేది. అది ఆ మనిషి కళ్ళకు కుదరనిది, అంతే. కొన్నవాళ్ళు తమ కళ్ళతో చూసి బాగుందని కొనేశారు, ఇచ్చింది మాత్రం కళ్ళజోడు ఉన్న మనిషికి. గిఫ్టులో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అందుకే 8× కథ కన్నా ముందు కళ్ళజోడు సంగతి చెప్తాను.

ఐ రిలీఫ్ అంటే ఏంటి

కంటి వైపు లెన్సు నుంచి కన్ను ఎంత దూరంలో ఉంటే బొమ్మ అంచుల దాకా పూర్తిగా కనపడుతుందో ఆ దూరమే ఐ రిలీఫ్. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకు అద్దానికీ కంటికీ మధ్య మామూలుగానే పన్నెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఖాళీ ఉంటుంది. అంటే 10 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్నదాన్ని ఎంత గట్టిగా అద్దానికి ఆనించినా కన్ను చేరాల్సిన చోటికి చేరదు. కంతలోంచి చూసినట్టు మధ్య భాగం మాత్రమే కనపడుతుంది. ఇందాక చెప్పిన కంప్లయింట్ ఇదే.

చిన్న బైనాక్యులర్స్‌లో ఈ ఇబ్బంది ఎక్కువ. సైజు తగ్గించడానికి చాలా మోడళ్ళలో ఐ రిలీఫ్‌కు కత్తెర వేస్తారు. పైగా ఈ అంకె బాడీ మీద ఉండదు, డబ్బా మీద కూడా ఒక్కోసారి ఉండదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్స్ తీసి చూడాలి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. బాబాయిగారికి తెలియకుండా మీ పిన్నిగారిని అడిగి, ఆయన కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ ఫొటో తెప్పించుకోండి. అందులో ఎస్‌పీహెచ్ (మామూలు పవర్), సీవైఎల్ (సిలిండర్ పవర్) అని గడులుంటాయి. వాటిని ఇలా చదవండి.

ఆయనకు పేపరు చదవడానికి మాత్రమే అద్దాలుంటే గొడవే లేదు. దూరం చూసేటప్పుడు జోడు తీసేస్తారు కాబట్టి ఐ రిలీఫ్ ఎంతున్నా ఫరవాలేదు. కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో చాలామంది ఈ కోవలోకే వస్తారు.

దూరానికి పవర్ ఉండి, సీవైఎల్ గడి ఖాళీగానో చాలా తక్కువగానో ఉంటే, జోడు తీసేసి బైనాక్యులర్స్‌లోనే ఫోకస్ సర్దుకోవచ్చు. మామూలు పవర్లను ఆ చక్రమే సరిచేస్తుంది. మైనస్ పవర్ మరీ ఎక్కువైతే మాత్రం దూరం వస్తువులకు ఫోకస్ అందకపోవచ్చు.

సిలిండర్ పవర్ ఒకటి దాటితే జోడుతోనే చూడాలి. ఆ దోషాన్ని ఏ బైనాక్యులర్ ఫోకసూ సరిచేయలేదు.

ఇదంతా లెక్క ప్రకారం. వాడుకలో ఇంకో చికాకు ఉంది. జోడు తీసి జేబులో పెట్టి, బైనాక్యులర్ ఎత్తి, చూసి, మళ్ళీ జోడు పెట్టుకునేలోపు పిట్ట ఎగిరిపోతుంది. కొండవీడు మెట్ల దారిలో ఈ తతంగం చేస్తూ జోడు కింద పడేసుకున్నవాళ్ళు కూడా నాకు తెలుసు. అందుకని రోజంతా జోడు పెట్టుకునే మనిషైతే, పవర్ ఏదైనా సరే, 15 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్నదే కొనమంటాను. కంటికి ఆనే అంచులు, అంటే ఐ కప్స్, తిప్పితే పైకి లేచి, కిందికి దిగే రకం కావాలి. జోడు ఉంటే కిందికి, లేకపోతే పైకి. పాత మోడళ్ళలో మడతపెట్టే రబ్బరు కప్పులుంటాయి. మన ఎండలకు కొన్నాళ్ళకే మడత దగ్గర చీలతాయి.

8× ఎందుకు, 10× ఎందుకు వద్దు

8×25లో మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనపడుతుందో చెప్తుంది, రెండోది ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటి దగ్గరికి వచ్చే వెలుగు కడ్డీ మందం వస్తుంది. ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు దాన్ని. 8×25కి 3.1 మి.మీ., 10×25కి 2.5. అంకెల్లో తేడా చిన్నదిగా కనపడినా వైశాల్యం లెక్కన 8×25 నుంచి వచ్చే వెలుగు ఒకటిన్నర రెట్లు.

మిట్టమధ్యాహ్నం మన కంటిపాప రెండు, మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి అప్పుడు తేడా తెలియదు. షాపులో పట్టపగలు రోడ్డు మీదికి చూస్తే 10× బాగున్నట్టే ఉంటుంది. కానీ మీ బాబాయిగారు చూసేది పొద్దున్నే, సాయంత్రం. ఆ వేళ కంటిపాప పెద్దదవుతుంది, 10×25లో బొమ్మ మసక బారుతుంది. ఇంకో సంగతి, ఆ కడ్డీ సన్నబడే కొద్దీ కన్ను సరిగ్గా దాని ముందే నిలబడాలి. కాస్త పక్కకు జరిగినా నల్లగా మూసుకుపోతుంది.

చేతి వణుకు కూడా పదింతలవుతుంది. పాతికేళ్ళ కుర్రాడికే 10× నిలకడగా పట్టుకోవడం కష్టం. మూడొందల గ్రాముల తేలికైన వస్తువైతే మరీ కష్టం, ఎందుకంటే చేతిలో ఆసరాగా నిలబడే బరువు ఉండదు. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవెక్కి చూసినా, ఊపిరి ఎగపోస్తూ కొండెక్కి చూసినా ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక చూపు వెడల్పు. 8× చిన్నవాటిలో వెయ్యి మీటర్ల దూరాన సుమారు 110 నుంచి 140 మీటర్ల మేర కనపడుతుంది. 10×25లో వంద మీటర్లకు అటూ ఇటూ. ఉప్పలపాడులో చెట్ల మీద గూళ్ళు కట్టుకుని కూర్చున్న గూడబాతులకు ఈ తేడా అక్కర్లేదు, అవి ఎక్కడికీ పోవు, దగ్గర్లోనే ఉంటాయి కూడా. అదే కృష్ణ కాలవ గట్టు మీద నలుపూ తెలుపూ లకుముకి పిట్టను చూడండి. నీటిపైన గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, ముక్కు నిట్టనిలువుగా కిందికి పెడుతుంది, ఉన్నట్టుండి రాయిలా పడుతుంది. ఇరుకు చూపుతో దాన్ని వెతికి పట్టుకునేలోపు అది చేపతో సహా కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది.

20×50 సంగతికొస్తే, స్టాండు లేకుండా ఇరవై రెట్లు చేత్తో పట్టుకుని చూడటం అయ్యే పని కాదు. బరువు కిలోకు దగ్గర పడుతుంది. ఎగ్జిట్ ప్యూపిల్ మళ్ళీ అదే 2.5. చవక రకాల్లో ఆ ఇరవై కూడా చాలాసార్లు రాత వరకే, లోపల అంత ఉండదు. ముందు లెన్సు ఎర్రగా కెంపులా మెరుస్తుంటే అది నాణ్యత అనుకోకండి. ఎరుపు వెలుగును లెన్సు బయటికే తిప్పికొడుతోందని అర్థం, లోపల బొమ్మ ఆకుపచ్చగా, నీలంగా పాలిపోయి ఉంటుంది. జూమ్ రకాలు, ఫోకస్ చక్రమే లేని రకాలు కూడా ఇదే అరలో ఉంటాయి. అన్నిటినీ వదిలేయండి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ఆయన ఇప్పటికే పెద్ద బైనాక్యులర్స్ వాడుతున్నారా అనేది కనుక్కోండి. 8×42 గానీ 10×42 గానీ ఉంటే, మీరిచ్చే చిన్నది రెండో జతగా పనికొస్తుంది, అప్పుడు సంచిలో బరువు తెలియనంత తేలికగా ఉండటమే ముఖ్యం. ఏమీ లేకపోతే ఇదే ఆయనకు మొదటిది, ఉన్న ఒక్కటి. అప్పుడు నా ఓటు 8×30 లేదా 8×32కే. చొక్కా జేబులో పట్టదు, భుజానికి తగిలించుకునే సంచిలో హాయిగా పడుతుంది. ఎగ్జిట్ ప్యూపిల్ నాలుగు దాకా వస్తుంది. వయసుతో పాటు చీకట్లో కంటిపాప తెరుచుకోవడం తగ్గుతుంది కాబట్టి అరవైలో ఉన్నవాళ్ళకు అంతకన్నా పెద్ద లెన్సు వల్ల వచ్చే లాభం కూడా కుర్రాళ్ళకు ఉన్నంత ఉండదు.

షాపులో ఎలా పరీక్షించాలి

షాపు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూడనిస్తారా అని ముందే అడగండి. చూడనివ్వని చోట కొనకండి.

బైనాక్యులర్‌ను చేయి చాచినంత దూరంలో, వెలుగు వైపు పెట్టి పట్టుకోండి. కంటి వైపు లెన్సుల్లో తెల్లటి చుక్కలు రెండు కనపడతాయి. అవి శుభ్రంగా గుండ్రంగా ఉండాలి. అంచులు కోసేసినట్టు, నలుచదరంగా, బూడిద రంగు నీడతో ఉంటే లోపల వెలుగును మళ్ళించే ప్రిజం తక్కువ రకం గాజు. మంచిదాన్ని బ్యాక్-4 అంటారు, తక్కువదాన్ని బీకే-7. డబ్బా మీద ఏది రాసినా ఈ చుక్క అబద్ధం చెప్పదు.

తర్వాత ముందు లెన్సులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ఆకుపచ్చగానో ఊదాగానో, వెలుగు తగ్గి కనపడాలి. ఒక్క ప్రతిబింబమైనా తెల్లగా, ట్యూబ్‌లైట్ అంత ప్రకాశంగా ఉంటే లోపల ఏదో ఒక అద్దానికి కోటింగ్ వేయలేదు. "కోటెడ్" అన్నా "మల్టీ కోటెడ్" అన్నా కొన్ని అద్దాలకే వేశారని. మీకు కావాల్సింది "ఫుల్లీ మల్టీ కోటెడ్".

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఏలూరు రోడ్డులో నిలబడ్డారనుకోండి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను గానీ హోర్డింగ్ అంచును గానీ రెండు కళ్ళతో ఒక నిమిషం పాటు తీరిగ్గా చూడండి. తీసేశాక కళ్ళు లాగినట్టు, ఎవరో పక్కకు గుంజినట్టు అనిపిస్తే రెండు గొట్టాలూ ఒకే వైపు చూడటం లేదని. కొలిమేషన్ తప్పిందంటాం మేము. కొత్త డబ్బాలోంచి తీసిన వాటిలో కూడా ఉంటుంది ఈ లోపం. దాన్ని సరిచేయించడానికయ్యే ఖర్చు ఈ ధరలో గిట్టుబాటు కాదు, ఇంకో పీస్ అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపలే ఈ పరీక్షలన్నీ చేసేయండి, ఫంక్షన్ రోజు దాకా సీలు విప్పకుండా ఉంచకండి.

ఇప్పుడే చెప్పేస్తాను, పరీక్షించేటప్పుడు ఎవరి అపార్ట్‌మెంట్ బాల్కనీ వైపూ తిప్పకండి. గొడవలైన సందర్భాలున్నాయి. సూర్యుడి వైపు అయితే పొరపాటున కూడా తిప్పకూడదు, కన్ను పోతుంది.

మన ఊరి గాలికి ఏది నిలబడుతుంది

ఎండాకాలం సరే, అసలు శత్రువు తేమ. కొల్లేరు, కృష్ణా డెల్టా, హంసలదీవి, సూర్యలంక, ఎటుపోయినా తడి గాలే. లోపలికి తేమ చేరితే లెన్సు మీద సాలెగూడు దారాల్లాగా సన్నగా ఫంగస్ పాకుతుంది. నా టేబుల్ మీద వందల రూపాయల రకాలూ వేల రూపాయల రకాలూ ఒకే విధంగా దీనితోనే చచ్చాయి. వాటర్‌ప్రూఫ్ అంటున్నది ఆయన వానలో తడుస్తారని కాదు. గొట్టంలో గాలి తీసేసి నైట్రోజన్ నింపి సీలు చేస్తారు, అందువల్ల లోపలికి తేమ రాదు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే బయటి అద్దం మసకేస్తే తుడిస్తే పోతుంది, లోపల మసకేస్తే ఏం చేయలేం.

దాచే పద్ధతి కూడా చెప్పాలి. రెక్సిన్ పౌచ్‌లో పెట్టి బీరువాలో బట్టల మధ్య దాచడం మన వాళ్ళ అలవాటు. ఆ పౌచ్ తేమను పట్టి ఉంచుతుంది. పక్కన కలరా ఉండలు ఉంటే ఇంకా చేటు, ఆ ఆవిరి లెన్సులకు మంచిది కాదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోమనండి. ఆ డబ్బా, జెల్ పొట్లాలు కూడా గిఫ్టులో కలిపితే పెద్ద ఖర్చేమీ కాదు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఉంచకూడదు. లోపలి గ్రీజు కరిగి లెన్సు మీదికి పాకుతుంది, పైన రబ్బరు జిగురెక్కుతుంది.

మోడళ్ళు

ధరలు పండగ సేల్‌కు ఒకలా, మామూలప్పుడు ఒకలా ఉంటాయి, అవి మీరే చూసుకోవాలి. జోడు ఉన్నవాళ్ళకు ఒలింపస్ 8×25 డబ్ల్యూపీ 2 కుదురుతుంది. ఐ రిలీఫ్ 15 మి.మీ., బరువు 260 గ్రాములు, వాటర్‌ప్రూఫ్, ఒకటిన్నర మీటర్ల దగ్గరి నుంచీ ఫోకస్ అవుతుంది కాబట్టి సీతాకోకచిలుకలు కూడా చూసుకోవచ్చు. చూపు వెడల్పు కాస్త తక్కువ. నికాన్ స్పోర్ట్‌స్టార్ ఈఎక్స్ 8×25లో వెడల్పు చాలా బాగుంటుంది, కానీ ఐ రిలీఫ్ 10 మి.మీ. మాత్రమే. జోడు లేనివాళ్ళకు నేను ముందు చెప్పేది అదే, జోడు ఉన్నవాళ్ళకు చెప్పనే చెప్పను. ఒకే 8×25, ఇద్దరు మనుషులకు రెండు రకాల జవాబు.

కొంచెం పెద్దదైనా సరే అనుకుంటే నికాన్ ప్రోస్టాఫ్ పీ3 8×30, సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్ 8×32, రెండూ జోడు మీద నుంచి చూడటానికి కుదిరేవే. జైస్ టెర్రా ఈడీ పాకెట్ 8×25 బొమ్మలో వీటన్నిటినీ మించుతుంది, మీ బడ్జెట్‌నూ మించుతుంది. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి వేసుకుంటే ఆలోచించవచ్చు.

మధ్యలో రెండు కీలుండి, రెండు వైపులా మడిచి పిడికిట్లో పట్టేంతగా చేసేవి ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తీసిన ప్రతిసారీ రెండు కళ్ళ మధ్య దూరం మళ్ళీ సర్దుకోవాలి. ఒక కీలు ఉన్నది ఒకసారి సర్దితే దాదాపు అలాగే ఉంటుంది. పైన చెప్పిన ఒలింపస్, నికాన్ స్పోర్ట్‌స్టార్, జైస్ మూడూ మడిచే రకాలే, అందుకే కొనేముందు కీలు బిగువు చూడండి. తెరిచి పట్టుకుని ఊపితే దానంతట అది ముడుచుకోకూడదు.

ఇచ్చే రోజు

పీటల మీద కూర్చున్న మనిషికి డబ్బా ఇచ్చి వచ్చేయకండి. భోజనాలయ్యాక డాబా మీదికి తీసుకెళ్ళి ఒక పది నిమిషాలు కూర్చోండి. ముందు రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ జరిపి, రెండు గుండ్రాలు ఒకే గుండ్రంగా కలిసేలా చేయించండి. తర్వాత కుడి వైపు ముందు లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో నీళ్ళ ట్యాంకు మీది అక్షరాల్లాంటివి చూస్తూ మధ్య చక్రంతో ఫోకస్ చేయించండి. ఇప్పుడు ఎడమ వైపు చెయ్యి అడ్డం పెట్టి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయించండి. దాన్ని డయాప్టర్ రింగు అంటారు. అది ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోమనండి. ఇది చేసుకోకపోవడం వల్లే "ఒక కన్ను మసగ్గా ఉంది" అని నా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్ళు, కూర్చోబెట్టి రింగు తిప్పి డబ్బులు తీసుకోకుండా పంపేవాణ్ణి.

బిల్లు, వారంటీ కార్డు ఆయన చేతికే ఇవ్వండి. ధర కనపడుతుందని మొహమాటపడి బిల్లు మీ దగ్గరే ఉంచుకుంటే, రేపు ఏదైనా వచ్చినప్పుడు గుంటూరు నుంచి విజయవాడ ఆయన తిరగాలి, మీరు వెతకాలి.

పిన్నిగారి దగ్గర నుంచి చీటీ వచ్చాక సీవైఎల్ గడిలో ఎంతుందో, ఆయన రోజంతా జోడు పెట్టుకుంటారో లేదో ఇక్కడే రాయండి. 8×25 చాలా, 8×30కి పోవాలా అనేది అప్పుడు తేల్చి చెప్తాను.